యసోజీ తాత చావు కబురు

కవాగోఎ,
11 నవంబరు 2019, సోమవారం.

మామయ్యకు,

మోకాలు నొప్పి ఎలా ఉంది, కమలాల కోతలు మొదలయ్యాయా అని ముందు అడగాలి కాబట్టి అడిగాను. ఇక అసలు విషయానికి వస్తాను.

అయిపోయింది మామయ్యా. మన 'పొగమంచు పడవ' అయిపోయింది. నిన్న సాయంత్రం ఆఖరి పాట ముగియగానే బట్టల సబ్బు ప్రకటన వచ్చింది. ఎనిమిదేళ్ళు ప్రతి ఆదివారం చూసిన సీరియల్ ముగిస్తే ఒక్క నిమిషమైనా ఆగకుండా సబ్బు అమ్ముకుంటారా? టీవీ కట్టేశాను. కట్టేసిన టీవీనే చూస్తూ కూర్చున్నాను. పొయ్యి మీద నూడుల్స్ ముద్దయిపోయాయి, ఆ ముద్దే తిన్నాను.

మన ఒప్పందం నాకు గుర్తుంది. అవతలివాళ్ళు చూశామని రాసేదాకా కథలో ఏం జరిగిందో నోరు విప్పకూడదు. అందుకని కథ చెప్పను, నాకెలా ఉందో మాత్రం చెబుతాను. లోపల ఏదో పీకేసినట్టుంది. ఏడుపు కూడా రావడం లేదు, వస్తే బాగుండును. పొద్దున్న రైల్లో ఎదురుగా కూర్చున్నవాళ్ళందరూ మామూలుగా ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదని తెలుసు, అయినా చూస్తుంటే ఒళ్ళు మండింది.

మీరు వెంటనే రాయండి. తాడు ముడి తప్పుగా వేశారని రాయండి, పడవ అలా తిరగదని రాయండి, ఎప్పటిలాగే నాలుగు పేజీలు తిట్టండి. వారం తిరిగేలోగా మీ ఉత్తరం నా చేతిలో ఉండాలి.

మీ మేనకోడలు,
చినామి


దీవి నుంచి,
16 నవంబరు.

చినామీకి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది. కోతలు మొదలయ్యాయి. ఈ ఏడు కాయ చిన్నదే గానీ తీపి బాగుంది. పైతోటలో అడవిపందులు పడ్డాయి. ఎదురు దీవి నుంచి ఈదుకుంటూ వస్తున్నాయని జనం అంటే నేను నమ్మలేదు. మొన్న పొద్దున్న కళ్ళారా చూశాను. ముక్కులు పైకెత్తుకుని, ప్రవాహం ఎటుందో చూసుకుని మరీ ఈదుతున్నాయి. మన తోటల సంఘం అధ్యక్షుడికి ఆపాటి తెలివి కూడా లేదు. కంచె వేద్దామంటే కమిటీ వేద్దామంటాడు.

మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంజను మోతకి చెవులు పోయిన అన్నకి ఫోన్ చేయడం దానికి చిన్నప్పటి నుంచీ ఉన్న మొండితనం లాంటిదే. ఏదో సంబంధం కుదిరేలా ఉందన్నట్టు వినిపించింది, సరే అన్నాను. అది నీకో, దాని పిల్లికో నాకు తెలియదు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. టీవీలో బొమ్మ సరిగా రావడం లేదు.

కమలాల పెట్టె పంపాను. అడుగు వరస కాయలు ముందు తిను, అవి ఆగవు.

తొకుజో


కవాగోఎ,
20 నవంబరు.

మామయ్యా,

పందులా?

ఈ ఎనిమిదేళ్ళలో మీరు తిట్టకుండా వదిలిన ఎపిసోడ్ ఒక్కటైనా ఉందా? మివో మొదటిసారి లంగరు వేసిన వారం ఆ లంగరు గొలుసు గురించే ఆరు పేజీలు రాశారు. ఆ పిల్లకి పడవ నడపడం రాదని, యసోజీ తాత లేకపోతే ఆ పడవ మొదటి వారమే మునిగేదని రాశారు. అలాంటి మనిషి ఆఖరి భాగానికి పందుల ఈత గురించి రాస్తాడా? పైగా గాలికి బొమ్మ రావడం లేదట! తుఫాను రోజున మేడ మీద యాంటెన్నా సరిచేసి, తడిసి ముద్దయి, జ్వరం తెచ్చుకుని మరీ చూసింది మీరు కాదా?

అసలు మొదలుపెట్టింది ఎవరు? నేనీ ఊరు వచ్చిన కొత్తలో, మాట్లాడే దిక్కులేక గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, కమలాల పెట్టెలో "ఆదివారం ఆరింటికి ఇది చూడు, తాళ్ళ పని పరవాలేదు" అని చీటీ పెట్టి పంపింది మీరే. అప్పటి నుంచి ఆదివారం చూడటం, సోమవారం మీకు రాయడం. ఇప్పుడు నన్ను నడిసముద్రంలో వదిలేసి మీరు తోటకి కంచె కట్టుకుంటున్నారు.

ఇక్కడ నా బాధ ఎవరికీ పట్టదు. మా కట్టుడు పళ్ళ ల్యాబులో పక్క టేబుల్ ఒగావారా "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. చెప్పాను. "ఓస్, కార్టూనా! ఇంకోటి చూసుకో, బోలెడున్నాయిగా" అంది. ఆవిడ కుక్క చచ్చిపోయినప్పుడు నేను "ఇంకో కుక్కని తెచ్చుకోండి, బోలెడున్నాయి" అన్నానా? వారం రోజులు ఆ కుక్క ఫోటోలు చూశాను, ఒక్కోటీ రెండుసార్లు. ఆ కోపంలో ఎవరి పై దవడకో పెట్టాల్సిన పన్ను కింది దవడ కొలతకి చెక్కేశాను. మేనేజరు చేత చీవాట్లు తిన్నాను.

నిజం చెప్పండి. మీకు విసుగొచ్చిందా? వస్తే సీరియల్ మీదా, నా మీదా?

చినామి


దీవి నుంచి,
25 నవంబరు.

చినామీకి,

పెద్దవాళ్ళకి రాసే ఉత్తరం "పందులా?" అని మొదలుపెట్టకూడదు. మీ అమ్మ నేర్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

విసుగు ఎవరికో నాకు తెలియదు. నీకక్కడ ఈ పిచ్చి ఉన్న స్నేహితులు దండిగా ఉన్నారు కదా. పోయిన ఏడు అందరూ యసోజీ టోపీలు పెట్టుకుని, రెండేసి వేళ్ళు చూపిస్తూ దిగిన ఫోటో పంపావు. వాళ్ళతో కూర్చుని ఏడు. ఈ చెవిటి ముసలాడి ఉత్తరం కోసం కాచుకోవడం దేనికి? అన్నీ ఒకనాటికి అయిపోయేవే. నేను నడిపిన పడవ అయిపోలేదా? దానికి ఎవరైనా సీరియల్ తీశారా?

ఒంటరిగా నూడుల్స్ ముద్దలు తినకు. పంపిన కమలాలైనా తింటున్నావో, పెట్టెలోనే కుళ్ళబెట్టావో రాయలేదు.

తొకుజో


(నల్ల అంచు ఉన్న కార్డు)

సూతకంలో ఉన్నందువల్ల కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు తెలుపుకోలేకపోతున్నాం, మన్నించగలరు.

మా యసోజీ నవంబరు పదో తేదీన, పొగమంచులో, చుక్కాని చేతిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన జీవించి ఉండగా మీరు చూపిన ఆదరానికి మనఃపూర్వక కృతజ్ఞతలు. రాబోయే ఏడు మీకు క్షేమంగా గడవాలని కోరుకుంటున్నాం.

2019 నవంబరు.
చినామి


దీవి నుంచి,
4 డిసెంబరు.

చినామీ,

ఆశీస్సులు తర్వాత.

కార్డు అంటే కవరు లేనిదనీ, దారిలో ప్రతివాడూ చదువుతాడనీ నీకు తెలియదా? నల్ల అంచు చూడగానే పోస్టుమన్ హిసాషి నా వాకిట్లో బండి ఆపి, టోపీ తీసి తలవంచుకుని నిలబడ్డాడు. ఉక్కపోసిందేమో అనుకుని మంచినీళ్ళు కావాలా అన్నాను. డిసెంబరులో ఉక్క ఏమిటని నాకు తట్టలేదు. వాడు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేనింకా కార్డు తిప్పి చూడనైనా లేదు, పక్కింటి ఒతోమె తన వెనక నలుగురు ఆడవాళ్ళని వేసుకుని దిగింది. ఒకరి చేతిలో అగరువత్తులు, ఒకరి చేతిలో తెల్ల చేమంతులు, ఒకరి చేతిలో ఉడికించిన ముల్లంగి గిన్నె.

"ఎంత పని జరిగిపోయిందయ్యా తొకుజో! పెళ్ళయిన కబురే చెప్పలేదు, అప్పుడే పోయాడా?" అని ఒతోమె నా చెవిలో అరిచింది.

నువ్వు మాకెవరికీ చెప్పకుండా యసోజీ అనే వాణ్ణి చేసుకున్నావట, వాడు పడవ మీద పోయాడట. దీవి మొత్తం ఇదే మాట. "చుక్కాని పట్టుకునే పోయాడంట, పుణ్యాత్ముడు" అని ఒకావిడ. "పిల్లలేమైనా ఉన్నారా? ఇంత చిన్న వయసులో ఎట్టా బతుకుద్దో" అని ఇంకొకావిడ. అది బొమ్మ అమ్మా, టీవీలో బొమ్మ, అని మొత్తుకున్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "పాపం, దుఃఖానికి మతి చలించింది, ముందు ఏదైనా తిననివ్వండి" అని నాకు ముల్లంగి వడ్డించారు. తిన్నాను. ఏం చేయను, చుట్టూ కూర్చున్నారు.

ఇదంతా భరిస్తాను. ఇప్పుడు అసలు సంగతి విను. నేను ఆఖరి భాగం చూడలేదు. యసోజీ పోతాడని నాకు తెలియదు. ఎనిమిదేళ్ళు మాటకి కట్టుబడి నోరు విప్పనిదానివి, నల్ల అంచు వేసి రెండు వాక్యాల్లో వాణ్ణి చంపేశావు. అది కూడా ముల్లంగి గిన్నె ముందు కూర్చుని తెలుసుకున్నాను.

ఎందుకు చూడలేదంటావా? వంతెన తెరిచిన ఏడు, ఇక్కడి ఆఖరి పడవ నేనే నడిపాను. బాజాలు, రంగు కాగితాలు, చప్పట్లు, మంత్రిగారి ఉపన్యాసం, అన్నీ బాగానే జరిగాయి. మర్నాడు పొద్దున్నే లేచి, టోపీ పెట్టుకుని, అలవాటు కొద్దీ రేవుకి వెళ్ళాను. అక్కడ ఎవరూ లేరు, పడవ కూడా లేదు. ఎవరైనా చూస్తారేమోనని సిగ్గేసి, చేపలు కొనడానికి వచ్చినట్టు నటించి ఇంటికొచ్చాను. ఆ మర్నాడు అనేది నాకు పడదు. చూడకపోతే కథ అయిపోనట్టే కదా అని రికార్డు చేసి అలాగే ఉంచాను. నవ్వుకుంటావో ఏం చేస్తావో నీ ఇష్టం.

తొకుజో


కవాగోఎ,
7 డిసెంబరు.

మామయ్యా,

నన్ను క్షమించండి. మీ ఉత్తరం చదివి తలుపుకి తల కొట్టుకున్నాను.

క్షమాపణ రాశాక కూడా కోపం పోవడం లేదు, కాబట్టి అదీ రాస్తాను. "ఇంకా చూడలేదు" అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోయేది? చూసి కూడా చలించకుండా పందుల లెక్క రాస్తున్నారని ఈ మూడు వారాలూ మిమ్మల్ని ఎన్ని మాటలనుకున్నానో మీకు తెలియదు. అందుకే ఆ కార్డు. దాంతోనైనా మీకు గుచ్చుకోవాలనే పంపాను. గుచ్చుకున్నందుకు ఇప్పుడు నాకే ఏడుపొస్తోంది, ఇన్నాళ్ళకి.

టోపీలు పెట్టుకున్న స్నేహితుల మాట ఎత్తారు. ఆఖరి భాగం వచ్చిన మర్నాడే వాళ్ళు "తర్వాత ఏం చూద్దాం" అని ఓట్లు పెట్టారు. నేను ఓటు వేయలేదు. ఎవరూ గమనించనూ లేదు.

ఒగావారా అత్తగారు పోతే ఆఫీసు సెలవిచ్చింది, పువ్వులు పంపింది, మేమందరం వరసగా తలవంచి సానుభూతి చెప్పాం. ఏం మాట్లాడాలో, ఏ బట్టలు కట్టుకోవాలో, ఎన్నాళ్ళు దిగులుపడాలో అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. నా మనిషి పోతే సబ్బు ప్రకటన. నాకూ ఒక పద్ధతి కావాలనిపించి, ఇంట్లో మనిషి పోయిన ఏడు అందరూ పంపే ఆ సూతకం కార్డు వేయించాను. ఎన్ని వేయించానో తెలుసా? ఒక్కటి. షాపతను "ఒక్కటేనా అండీ? ఒక్కటా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. పంపడానికి మీరు తప్ప నాకెవరున్నారు?

అసలు భయం చెప్పనా? యసోజీ తాత పోయాడన్న దిగులు ఎలాగో ఓర్చుకుంటాను. సోమవారం వస్తే ఇక మీకేం రాయాలో తెలియడం లేదు, అది ఓర్చుకోలేకపోతున్నాను. మీ మోకాలు, నా ల్యాబు, అమ్మ సంబంధాలు ఎన్ని ఉత్తరాలకి సరిపోతాయి? కొన్నాళ్ళకి పండగ కార్డులు మిగులుతాయి, ఆ తర్వాత అవీ ఉండవు. మా నాన్న తరఫు వాళ్ళతో అలాగే అయింది. మీతో కూడా అలా అయితే నేను తట్టుకోలేను.

ఆ భాగం చూడండి మామయ్యా. చూసి నాకు రాయండి. ఎలా ఉన్నా సరే.

చినామి


దీవి నుంచి,
12 డిసెంబరు.

చినామీకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి, జవాబు రాద్దామని కలం తీశాను. ఒతోమె వచ్చింది, మళ్ళీ ఆ నలుగురితో.

"నువ్వు చెప్పినట్టు బొమ్మే అయితే ఆ బొమ్మేదో మాకూ చూపించు. ఎవరి కోసం అగరువత్తులు తెచ్చామో తెలియొద్దా?" అంది. ఇవ్వమంటే వెనక్కిస్తానన్నాను. "దేవుడి ముందు వెలిగించినవి వెనక్కిస్తాడంట, చూడండి!" అని నలుగురూ నవ్వారు. చేసేదిలేక రికార్డరు పెట్టాను. నీ ఉత్తరం ఇంకా బల్ల మీదే ఉంది. అడిగావు కదా, ఇలాగైనా చూసేద్దాం అనుకున్నాను.

నా ఖర్మ. ఎనిమిదేళ్ళ కథలో ఆఖరి ముక్క చూపిస్తే వాళ్ళకేం అర్థమవుతుంది? "ఈ పిల్లెవరు? ఆయన కూతురా? మరి మనవరాలా? ఎవరూ కాదా? ఎవరూ కాని పిల్లని పడవెందుకు ఎక్కించుకున్నాడు?" "అంత చలిలో ఆ పిల్లకి కాళ్ళకి చెప్పుల్లేవేంటి?" "ఈ పడవ ఒడ్డుకెందుకు రాదు? చమురు అయిపోయిందా?" నేను చెవిటివాణ్ణి కాబట్టి ప్రతి ప్రశ్నా నా మొహం ముందుకొచ్చి అరుస్తారు. జవాబు చెప్పి ఇటు తిరిగేసరికి యసోజీ కళ్ళు మూసేశాడు. ఐదుగురూ గొల్లుమన్నారు. ఎంత గట్టిగా ఏడ్చారంటే నాకు కూడా వినబడింది. నాకు ఏడవడానికి సందు దొరకలేదు. టీ పెట్టమన్నారు.

పోతూ పోతూ, రికార్డరులో పాత భాగాలన్నీ ఉన్నాయని కనిపెట్టి, రేపటి నుంచి మొదటి భాగం వేయమని చెప్పి పోయారు. తోటపని ముగించుకుని రోజూ వస్తారట. నా ఇల్లు సినిమా హాలయింది.

తొకుజో


కవాగోఎ,
15 డిసెంబరు.

మామయ్యా,

వాళ్ళతో చూశారా?

నెల రోజులుగా నేను ఎదురుచూస్తుంటే చూడనిది, ఒతోమె గారు ముల్లంగి పెట్టగానే చూసేశారా? నాకు రాయడానికి మిగిలింది ఆ ఒక్క భాగమే. దాన్ని కూడా వాళ్ళతో పంచుకుని, నాకు "కళ్ళు మూసేశాడు" అని రెండు ముక్కలు విదిలించారు. నాకైతే యసోజీ తాత ఇప్పుడు రెండోసారి పోయినట్టుంది.

రోజూ ఐదుగురు కూర్చుని చూస్తున్నారట కదా. సంతోషం. మీకు కాలక్షేపానికి లోటు లేదు. నేనింక రాయను. ఆరోగ్యం జాగ్రత్త.

చినామి


దీవి నుంచి,
18 డిసెంబరు.

చినామీ,

ఇక రాయనని చెప్పడానికి ఉత్తరం రాయడం మీ అమ్మ దగ్గర నేర్చుకున్నావు. అది కూడా అంతే, మాట్లాడనని చెప్పడానికి ఫోన్ చేస్తుంది.

నేను చూశానని ఎవరన్నారు? సరే, నేనే అన్నాను. ఆ భాగం నడిచినంతసేపూ నేను తెర వైపు కాదు, ఒతోమె నోటి వైపు చూస్తూ కూర్చున్నాను. యసోజీ చుక్కాని ఎటు తిప్పాడో కూడా నాకు తెలియదు. ఓరకంటికి ఎడమకి తిప్పినట్టు అనిపించింది. అంత ప్రవాహంలో ఎడమకి తిప్పేవాడు మూర్ఖుడు. యసోజీ మూర్ఖుడు కాడు. కాబట్టి నేను చూసినట్టు లెక్క కాదు.

ఇంకొక తలనొప్పి తెచ్చిపెట్టావు. కార్డులో చనిపోయిన తేదీ వేశావు కదా, ఒతోమె వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఈ నెల ఇరవై ఎనిమిది, శనివారం, నలభై తొమ్మిదో రోజట. "ఆ రోజు మంత్రాలు చదివించకపోతే ఆయన అటూ కాక ఇటూ కాక మధ్యలో ఉండిపోతాడు, మనకి మంచిది కాదు" అంది. బొమ్మకి కర్మకాండ ఏమిటి, నీకు మతి ఉందా అని నేను ఎగిరాను.

"పోయినోడు బొమ్మయితే ఏంటయ్యా, ఏడుస్తున్న పిల్ల బొమ్మ కాదుగా! దాన్ని ఆ ఊళ్ళో ఒక్కదాన్నే ఎన్నాళ్ళు కూర్చోబెడతావ్?" అంది.

ఈ నెల రోజులూ నీకు రాసిన ఉత్తరాల్లో ఒక్కసారైనా నేను అనాల్సిన మాట అది. నాకు సిగ్గేసింది. గుళ్ళో స్వామి కూడా ఒప్పుకున్నాడు. ఆయన కూడా సాయంత్రాలు నా ఇంటికే వస్తున్నాడు, మివోకి పడవ నడపడం రాదని అప్పుడే తేల్చేశాడు.

అందుకని రా. ల్యాబులో సెలవడుగు. ఎవరు పోయారంటే యసోజీ పోయాడని చెప్పు. ఒగావారా నవ్వితే నవ్వనీ. నల్లబట్టలు తెచ్చుకో, ఇక్కడ ఆరుగురం అవే కట్టుకుంటున్నాం. వంతెన మీద వచ్చే పొద్దుటి బస్సుకి దిగు, నేను స్టాపులో ఉంటాను.

ఆ సాయంత్రం ఆఖరి భాగం వేస్తాను. నువ్వు నా పక్కన కూర్చో. ఒతోమెని వెనక కూర్చోబెడతాను, ప్రశ్న వేస్తే వంటింట్లోకి పంపిస్తాను. ఏడుపొస్తే గట్టిగా ఏడు, నాకెలాగూ వినబడదు. నాకూ రావచ్చు, అది నువ్వు చూడకు.

చుక్కాని నిజంగానే ఎడమకి తిప్పి ఉంటే మాత్రం మనిద్దరికీ పెద్ద గొడవ ఉంది. నువ్వు వాడినే వెనకేసుకొస్తావని నాకు తెలుసు. ఈ గొడవ నీ సెలవుల్లో తేలేది కాదు. ఇంటికి వెళ్ళాక సోమవారం ఉత్తరంలో రాయి.

మీ మామయ్య,
తొకుజో